రెండు తలుపులూ ఒకేసారి తెరిస్తే

మా ఇంటి నుంచి ఎవరైనా బస్సు ఎక్కాలంటే అరగంట ముందే బయలుదేరాలి. బస్సు దూరమని కాదు. నేనున్నానని.

చింతామణి నుంచి మురుగమల్లకు పోయే రోడ్డు మీదే మా ఇల్లు. బయలుదేరిన మనిషిని మొదట వంటింటి గుమ్మంలో ఆపుతాను, నీళ్ళసీసా నింపుకున్నావా అని. తర్వాత నడవలో ఆపుతాను, ఫోనుకు చార్జి ఉందా అని. వాకిట్లో ఆపడానికి కారణం దొరకదు, అందుకని ఊరికే ఆపుతాను. చివరికి తలుపు రెండు రెక్కలూ తీసి పట్టుకొని, ఆ మనిషి మలుపు తిరిగి కనబడకుండా పోయేదాకా నిలబడతాను. వీపు కనబడుతుండగా తలుపు మూయడం నా చేత కాదు.

మా ఆయన మునికృష్ణప్ప ఒక ఆదివారం పొద్దున టమేటా బుట్టలతో చింతామణి మార్కెట్టుకు పోతూ "పోయొస్తా" అన్నాడు. నేను పొయ్యి ముందు రాగిముద్ద కెలుకుతున్నాను. తల తిప్పకుండా "ఊఁ" అన్నాను. మార్కెట్టులోనే గుండె ఆగిపోయింది. పదకొండేళ్ళయింది. ఆ "ఊఁ" ఇంకా నా గొంతులోనే ఉంది.

"మా అత్త వాకిట్లో నిలబడితే ఎక్కేవాళ్ళు లేకపోయినా బస్సు ఆగిపోతాది" అంటుంది నా కోడలు అంబిక. అది నిజం. రెండుసార్లు ఆగింది.

ఈ అలవాటు వల్ల మా సొంత స్థలంలోనే ఒకచోటికి నాకు ప్రవేశం పోయింది. ఇంటి వెనక పట్టుపురుగుల ఇల్లు ఉంది. అది అంబిక రాజ్యం. ఊజీ ఈగ అని ఒకటుంది, అది పురుగు ఒంటిమీద ఒక్క గుడ్డు పెడితే చాలు, దాని పిల్ల పురుగును లోపల్నుంచి తిని, గూటికి చిల్లి పెట్టుకొని బయటికి వస్తుంది. చిల్లిపడిన గూటినుంచి దారం రాదు. అందుకని కిటికీలకు వలలు కొట్టి, వాకిలికి ముందు ఒక చిన్నగది కట్టించింది అంబిక. దానికి రెండు తలుపులు. బయటి తలుపు తీసి చిన్నగదిలోకి రావాలి. దాన్ని మూయాలి. వెంట వచ్చిన ఈగ ఏదైనా ఉంటే కొట్టాలి. కాళ్ళు బ్లీచింగు నీళ్ళలో ముంచాలి. అప్పుడు లోపలి తలుపు తీయాలి. ఏ కారణం చేతనైనా సరే, రెండూ ఒకేసారి తెరిచి ఉండకూడదు.

మూడేళ్ళ కిందట నా కొడుకు గిరీశ్ ఆకుమోపు లోపల దించి బయటికి వెళ్తున్నాడు. చిన్నగది నిజంగానే చిన్నది, చేతులు చాపితే రెండు తలుపులూ అందుతాయి. నేను ఒక చేత్తో లోపలిది, ఒక చేత్తో బయటిది పట్టుకొని వాడి వీపు చూస్తూ నిలబడ్డాను. వాడు పోయింది మల్బరీ తోటకు. నూరడుగులు. ఆ పంటలో సగం గూళ్ళకు చిల్లులు.

అప్పటినుంచి నేను చూరు కింద కూర్చుని ఆకు ఏరడం వరకే.

గిరీశ్, అంబికల కూతురు దీక్ష బెంగళూరులో ఎమ్మెస్సీ చేసింది. మన ఒంట్లోని ప్రతి కణానికీ ఒక పొర ఉంటుందట, ఆ పొరలో ఉప్పు రేణువుల్లాంటివి రావడానికీ పోవడానికీ ప్రోటీన్లతో కట్టిన దారులుంటాయట. ఆ దారుల కట్టుబడి ఎట్లా ఉందో, అవి చేసే పని అట్లా ఎందుకుందో పరిశోధన చేయాలని దానికి ఆశ. పోయిన ఏడు ఒక సంస్థలో సీటుకు ఇంటర్వ్యూ పిలిచారు. ఊపిరి తిప్పుకోకుండా ఇంగ్లీషులో అప్పజెప్పిందట. బల్ల అవతల ఉన్న పెద్దావిడ ఒకరు, "ఇదంతా బాగుంది, మామూలు మాటల్లో చెప్పమ్మా" అనేసరికి దీని నోరు మూతబడింది. ఈ ఏడు మళ్ళీ పిలిచారు. శుక్రవారం పది గంటలకు. పది నిమిషాలు, ఒక సుద్దముక్క, సైన్సు చదవని మనిషికి చెబుతున్నట్టు చెప్పాలి. ఇదే ఆఖరు. ఈసారి సీటు రాకపోతే చిక్కబళ్ళాపురం దగ్గర మాత్రల ఫ్యాక్టరీలో చేరతానని తండ్రికి మాట ఇచ్చింది.

ఆ ఫ్యాక్టరీ బస్సు పనివాళ్ళను సాయంత్రం ఆరున్నరకు మా వాకిట్లోనే దించుతుంది. ఇదొక్కటి మీరు మనసులో పెట్టుకోండి. నేనైతే పెట్టుకున్నాను.

శనివారం దిగింది దీక్ష. ఆదివారం పొద్దున నా ఎదుట గొంతుక్కూర్చుంది.

"అవ్వా, సైన్సు చదవని మనిషి మనింట్లో నువ్వే. నీకు అర్థమయ్యేట్ల చెప్పగలిగితే సీటు నాదే."

"నాకేం తెలుస్తాదే, మూడో తరగతి మనిషిని."

మూడో తరగతి మాట నిజమే. మా పుట్టినూరు పరగోడు బడిలో మూడేళ్ళు కన్నడం నేర్చుకున్నాను. తెలుగు మాత్రం నాకు నేనే నేర్చుకున్నాను, చింతామణి బస్టాండులో మదనపల్లె బస్సుల తెలుగు బోర్డులు, మన బస్సుల కన్నడ బోర్డులు పక్కపక్కన పెట్టి చూసి. తర్వాత పొట్లం కట్టిన కాగితం కూడా వదల్లేదు. దీక్ష ఎరగని సంగతి ఇంకొకటుంది. అది ఎమ్మెస్సీలో చేరిన ఏడే, చింతామణి గుజిరీ అంగడిలో, పాత ఇనుము పక్కన, అట్ట లేని తెలుగు జీవశాస్త్రం పుస్తకం ఒకటి దొరికింది. ఇంటర్ పిల్లలది. ఈ పిల్ల నన్ను వదిలి ఏం చదువుకోవడానికి పోతోందో చూద్దామని కొన్నాను. రాగుల డబ్బాలో దాచి, ఇంట్లో ఎవరూ లేనప్పుడు చదివాను. కణం పొర అధ్యాయం నాలుగుసార్లు.

దీక్ష ముగ్గుపిండితో నేల మీద రెండు గీతలు గీసింది, అది పొర. గీతల మధ్య సందు పెట్టింది, అది దారి. శనగలు తెచ్చి "ఇవి పొటాషియం" అంది. పెసలు తెచ్చి "ఇవి సోడియం" అంది.

"శనగ పెద్దది, పెసర చిన్నది. చూస్తాండావా? కానీ ఈ సందులో శనగ దూరతాది, పెసర దూరదు."

"మన పిల్లి దూరే సందులో దాని పిల్ల దూరదా?"

"అదే గదవ్వా తమాషా! రెండూ ఒంటి చుట్టూ నీళ్ళు కప్పుకొని తిరుగుతాంటాయి. సందులో దూరాలంటే ఆ నీళ్ళు విడవాల. పొటాషియం విడుస్తాది. సోడియం విడవదు."

"సిగ్గా?"

"సిగ్గు గాదు. ఎనర్జీ కోఆర్డినేషన్..." అని మొదలుపెట్టి ఇంగ్లీషులో పడిపోయింది.

దాని చేతి కింద ముగ్గు గీత చూడగానే చిన్నది ఎందుకు దూరదో నాకు తెలిసిపోయింది. పుస్తకంలో ఉన్నదానికన్నా వివరంగా గీసింది. సందు చుట్టూ నాలుగు గోడలు, ప్రతి గోడనుంచీ లోపలికి చాచిన చిన్నచిన్న చేతులు. చెబుదామని నోరు తెరిచాను. అప్పుడే వాకిట్లో ఆటో చప్పుడైంది. పిళ్ళప్ప ఆకు దించడానికి వచ్చాడు. మంగళవారం దీక్షను చింతామణిలో బెంగళూరు బస్సు దగ్గర దించేది కూడా అతనే. బెంగళూరులో స్నేహితుల ముందు రెండు రోజులు అభ్యాసం చేసుకుంటానంది మరి.

తెరిచిన నోరు అట్లాగే ఉంచాను. కళ్ళు ఆర్పలేదు. కొత్తకోడలిగా వచ్చినప్పుడు పనికొచ్చిన మొహం అది, ఇన్నేళ్ళకు మళ్ళీ పెట్టుకున్నాను.

"అర్థం కాలేదే" అన్నాను.

దీక్ష నిట్టూర్చి మళ్ళీ మొదటినుంచి చెప్పింది. నేను వింటూ పొటాషియం తిన్నాను.

"అవ్వా, అది శాంపులు!"

"వేయించింటే ఇంకా బాగుండు."

సోమవారం పంపు సంగతి ఎత్తుకుంది. పొటాషియం దారి ఊరికే తెరిచిన కాలువలాంటిది, నిమిషంలో లక్షలు కోట్లు పారిపోతాయి. కానీ కణానికి సోడియం బయట ఎక్కువ ఉండాలి, పొటాషియం లోపల ఎక్కువ ఉండాలి. ఆ తేడా నిలబడితేనే నరం ఉలుకుతుంది, గుండె కొడుతుంది. అందుకని పారేదానికి ఎదురుగా తోసే పంపు కూడా ఒకటి పొరలో ఉంటుంది. దానికి లోపలికొక వాకిలి, బయటికొక వాకిలి. ఒక్క విడతలో మూడు సోడియాలను బయటికి తోసి, రెండు పొటాషియాలను లోపలికి తెచ్చుకుంటుంది. 

"మూడు పోయి రెండే వస్తే, లోపల ప్రతిసారీ ఒకటి తగ్గుతుండాల గదే?" అనేశాను.

దీక్ష ముగ్గుగిన్నె కింద పెట్టి నన్ను చూసింది. "అవ్వా, అది మంచి ప్రశ్న. మా క్లాసులో ఎవరూ అడగలే."

కొంప మునిగింది అనుకొని, వెంటనే, "ఆ పంపు ఎన్ని హెచ్.పి.?" అన్నాను.

దాని మొహం వాడిపోయింది. "బోర్‌వెల్ పంపు గాదవ్వా."

"సింగిల్ ఫేజా?"

అంబిక వంటింట్లోంచి నవ్వడం వినబడింది. దీక్ష నవ్వలేదు.

మంగళవారం పిళ్ళప్ప ఆటో తెచ్చి హారన్ కొట్టాడు. దీక్ష సంచి భుజాన వేసుకుంది. నీళ్ళసీసా అయింది, చార్జి అయింది. వాకిట్లో కారణం లేకుండా ఆపే సమయం వచ్చింది. కానీ ఈసారి నా దగ్గర కారణం ఉంది.

"పోయిరా తల్లీ. నాకు ఆ చిన్నది యాల దూరదో అదొక్కటీ తెలీకుండానే పోతాండావు. పోనీలే. ముసల్దాన్ని."

సంచి దించేసింది. "పిళ్ళప్పన్నా, రేపు రా" అంది.

బుధవారం అదే పని మళ్ళీ చేశాను. పంపు వాకిళ్ళ పేరు చెప్పి. పిళ్ళప్ప నా వైపు చూసి, "పుట్టమ్మక్కా, నీకు అర్థమయ్యేలోపల నేను రిటైరయితాను" అని బండి తిప్పుకొని పోయాడు.

నేను గమనించిన సంగతి ఒకటి చెప్పాలి. ఆదివారం దీక్ష మాటలో పదింట ఆరు ఇంగ్లీషు. సోమవారానికి నాలుగు. బుధవారానికి ఒక్కటి కూడా లేదు. గొంతు నిదానమైంది. గీతలు తగ్గాయి. అది బాగా చెప్పే కొద్దీ నాకు మొద్దు మొహం పెట్టడం కష్టమైంది. దవడలు నొప్పి పుట్టాయి.

బుధవారం సాయంత్రం అది మూడోసారి మొత్తం చెప్పి, చివర నా మొహంలోకి చూసింది. నేను నోరు తెరిచే ఉంచాను. అది లేచి, ముగ్గంతా కాలితో చెరిపేసింది. శనగలు, పెసలు ఒకే గిన్నెలో కలిపేసింది. గిరీశ్ అప్పుడే తోటనుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు.

"నాయనా, శుక్రవారం నేను పోను. ఫ్యాక్టరీకే పోతా. ఇంట్లో అవ్వకే చెప్పలేకపోతి, అంతమంది ఎదురుగా ఏం చెప్తా?"

గిరీశ్ చెంబు కింద పెట్టాడు. "నీ ఇష్టం తల్లీ" అన్నాడు.

నేను కోరుకున్నది నా చేతిలో పడింది. ఆరున్నర బస్సు, వాకిట్లో దీక్ష, ప్రతి సాయంత్రం. ఆ పూట ముద్ద సగంలోనే వదిలేశాను. పప్పు బాగాలేదా అని అంబిక రెండుసార్లు అడిగింది. చెప్పేద్దాం అని లేచాను. చెబితే రేపే వెళ్ళిపోతుంది అని కూర్చున్నాను. మళ్ళీ లేచాను. బయటి తలుపు గడియ వేశానో లేదో చూసుకొని వచ్చి కూర్చున్నాను. గడియ వేసే ఉంది. మూడుసార్లు చూశాను.

గురువారం పొద్దున. పురుగులు నాలుగో జ్వరం దాటి ఆకలి మీద ఉన్నాయి. పొర విడిచే ముందు పురుగు తినకుండా పడి ఉంటుంది, దాన్ని మా వైపు జ్వరం అంటాం. ఆ తర్వాత తినే చప్పుడు బయటికి వానలాగ వినిపిస్తుంది. అంబిక లోపల ఆకు పరుస్తోంది. దీక్ష మోపులు అందిస్తోంది. నేను చూరు కింద నా చోట్లో.

పిళ్ళప్ప చివరి మోపు దించి, "ఏం పాపా, బెంగళూరు లేనట్లేనా? సరే, చింతామణికి పోతాండా" అని ఆటో కదిలించాడు.

దీక్ష చిన్నగదిలో ఉంది. మోపు లోపలికి తోసిన చెయ్యి లోపలి తలుపు మీదే ఉండిపోయింది. ఇంకో చెయ్యి బయటి తలుపు పట్టుకొని ఉంది. చింతామణి వైపు పోతున్న ఆటోను చూస్తోంది. ఆటో చిన్నదవుతోంది, పిల్ల కదలడం లేదు. ఆ నిలబడటం ఎవరిదో నాకు వెంటనే తెలిసింది. నాదే. ఒక వైపు ఒరిగిన మెడతో సహా నాదే.

ఇరవై మూడేళ్ళ పిల్ల ఒంట్లో నన్ను నేను చూసుకొని భయపడ్డాను. భయంలో నోరు నా మాట వినలేదు.

"తలుపు మూయ్యే! రెండూ తెరిస్తే అది పంపు గాదే, బొక్క! బయట సోడియమంతా లోపలికొచ్చి పడతాది! కట్టినప్పుడే ఒకటి మూస్తే గాని ఇంకోటి తెరుచుకోని మాదిరి కట్టింది యాలనుకుంటివి? కణం చచ్చిపోతాది!"

ఆటో చప్పుడు దూరమైంది. పురుగుల చప్పుడు మాత్రం వినబడుతోంది.

దీక్ష నిదానంగా తల తిప్పింది. "ఏమంటివవ్వా?"

"తలుపు మూయమంటి."

"దాని తర్వాత?"

"ఊజీ ఈగ వస్తాదంటి."

"ఊజీ ఈగ అనలే నువ్వు. సోడియం అంటివి."

లోపల్నుంచి అంబిక గొంతు: "ముందు తలుపు మూయండే! ఒకటి దూరనే దూరె!" వెనకే చీపురుతో టపటపమని కొట్టడం. దీక్ష లోపలి తలుపు మూసింది. అప్పుడు బయటికి వచ్చి, బయటి తలుపు మూసింది. సరైన వరసలోనే చేసింది. నా ముందు నిలబడింది.

"నీకు ఎప్పుడు అర్థమాయె?"

"ఇప్పుడే. నువ్వట్ల నిలబడితే టక్కున తట్టె."

"అవ్వా."

"బుధవారం."

"అవ్వా!"

"సోమవారం. మూడు, రెండు అన్నప్పుడు."

అది రెండు చేతులూ నడుం మీద పెట్టుకుంది. మా అత్త అట్లాగే పెట్టుకునేది.

"ఆదివారం" అన్నాను. "నువ్వు ముగ్గు గీస్తాండంగానే. నిజం చెప్పల్లంటే, నువ్వు బస్సు దిగకముందే సగం తెలుసు."

అంబిక చీపురు చేత్తో బయటికి వచ్చింది. ఈగ చచ్చిందని చూపించి, దీక్ష మొహం, నా మొహం చూసి, ఇంట్లోకి పోయి తిరిగొచ్చింది. చేతిలో అట్ట లేని పుస్తకం. దాని పుటల్లోంచి రాగులు రాలుతున్నాయి.

"ఇది రాగుల డబ్బాలో రెండేళ్ళ నుంచి చూస్తాండా. అత్తది ఏదో దేవుడి పుస్తకమేమో, అడిగితే బాగుండదని ఊరికే ఉంటి."

దీక్ష పుస్తకం విప్పింది. కణం పొర అధ్యాయం దగ్గరే తెరుచుకుంది. అంచుల్లో నా పెన్సిలు గీతలు. చాలాసేపు చూసింది.

"ఏంటికిట్ల చేస్తివి?"

"ఆ ఫ్యాక్టరీ బస్సు ఆరున్నరకు మన వాకిట్లోనే దించుతాది గదే."

అంబిక చీపురు కింద పెట్టేసింది. దీక్ష గొంతు అరుపుగా రాలేదు. అరిచి ఉంటే బాగుండేది.

"నా చేత గాదనుకుంటినవ్వా. ఐదు దినాలు. నాకు చెప్పడమే రాదు, నేను మొద్దుననుకుంటి."

ఆకు ఈనె ఒకటి తీసుకొని ముక్కలు చేశాను.

అది నా ఎదుట గొంతుక్కూర్చుంది. నోరు కొంచెం తెరిచింది. కళ్ళు ఆర్పడం మానేసింది. నా మొద్దు మొహం, అచ్చంగా.

"నాకు అర్థం కాలేదవ్వా. ఇప్పుడు నువ్వు చెప్పు. పిల్లి దూరిన సందులో పిల్లిపిల్ల యాల దూరదు?"

"వద్దులేమ్మే."

"సిగ్గా?"

అంబికకు నవ్వు ఆగలేదు. నేను గొంతు సవరించుకున్నాను.

"చంటిబిడ్డ తల్లి చంకలో ఉండాది. నువ్వు దాన్ని తీసుకోవాల. ఊరికే లాగితే వస్తాదా? రాదు. తల్లి ఎంత దగ్గరగా పట్టుకొని ఉండాదో, నువ్వూ సరిగ్గా అంతే దగ్గరగా పట్టుకోవాల. అప్పుడు తల్లిని విడిచేది బిడ్డకు తెలీను గూడా తెలీదు. పొటాషియానికి నీళ్ళు తల్లి. సందులో నాలుగు గోడల చేతులు ఉండాయే, అవి నీళ్ళు పట్టుకున్నంత దూరంలోనే పట్టుకుంటాయి. గోడలు కట్టిందే ఆ కొలతకు. అందుకే అది నీళ్ళను విడిచి సులభంగా లోపలికి పోతాది."

"మరి సోడియం?"

"చిన్నది గదా. చేతులు దానికి అందవు. నీళ్ళను విడిస్తే నడిమధ్యలో పట్టుకునే దిక్కుండదు. అందుకే విడవదు. నీళ్ళతో వస్తామంటే సందు చాలదు. చిన్నదని కాదే అది ఆగిపోయేది. అవతల పట్టుకునేవాళ్ళు లేక."

చెప్పడం అయిపోయాక నా మాట నాకే వినిపించింది. పరగోడు నుంచి నన్ను ఈ ఇంటికి తెచ్చిన రోజు మా అమ్మ నా మణికట్టు విడవలేదు. గాజులకు పైన, గట్టిగా పట్టుకొని ఉంది. ఇక్కడ గుమ్మంలో మా అత్త చెయ్యి చాచి, అమ్మ వేళ్ళు ఉన్నచోటే, గాజులకు పైనే పట్టుకుంది. ఆమె గయ్యాళి అని ఊరంతా చెప్పింది, తర్వాత నాకూ తెలిసింది. కానీ ఆ పట్టుకోవడం మాత్రం సరిగ్గా పట్టుకుంది.

"బెంగళూరులో నిన్ను అట్ల పట్టుకునేవాళ్ళు ఎవరైనా ఉండారా?" అని అడిగాను.

దీక్ష మొద్దు మొహం తీసేసింది. ఆలోచించింది.

"పోయినసారి నాకు మాట రాకపోతే ఆ పెద్ద మేడమ్ పొమ్మన్లేదవ్వా. నీళ్ళ గ్లాసు నా పక్కకు జరిపి, నేను తాగిందాకా ఊరికే కూర్చునె. తర్వాత, వచ్చే ఏడు మళ్ళీ రా అనె."

"గ్లాసు చేతికిచ్చెనా, బల్ల మీద పెట్టెనా?"

"చేతికే."

"అయితే పో" అన్నాను.

గిరీశ్ ఫోను చేస్తే పిళ్ళప్ప ఒంటిగంటకు వచ్చాడు. దిగలేదు. ఇంజను ఆపను కూడా ఆపలేదు.

"ఇది మూడోసారి. ఈసారి పాప రాకపోతే ఇంటర్వ్యూకు నేనే పోతా. విని విని నాకూ వచ్చేసె. మూడు బయటికి, రెండు లోపలికి. ఇంకేముండాది?"

"వాకిళ్ళ సంగతుండాది" అంది దీక్ష.

"అది దారిలో చెప్పు."

నేను నీళ్ళసీసా అడగలేదు. చార్జి అడగలేదు. అంబిక నా నుదురు తాకి చూసింది, జ్వరమేమో అని. దీక్ష వంగి కాళ్ళు మొక్కి, "పోయొస్తా అవ్వా" అంది. నేను పొయ్యి వైపు కాదు, దాని మొహంలోకే చూసి, "పోయిరా" అన్నాను. మాట మొత్తం అన్నాను.

అది ఆటో ఎక్కింది. ఎక్కి, తల బయట పెట్టి నన్నే చూస్తోంది. "ఉండు పిళ్ళప్పన్నా" అంది. నేను తలుపు రెండు రెక్కలూ పట్టుకొని నిలబడ్డాను. అది కదలనీయదు, నేను కదలను. పిళ్ళప్ప ఇంజను మోత తప్ప ఏమీ జరగడం లేదు. ఇట్లా అయితే రెండు బస్సులు పోతాయి, శుక్రవారం కూడా పోతుంది.

ఒక రెక్క మూశాను. దీక్ష కళ్ళు పెద్దవయ్యాయి. రెండో రెక్క కూడా మూశాను. గడియ వేశాను. నడవలో చీకటి పడింది. తర్వాత ఆటో గేరు పడిన చప్పుడు.

తలుపు సందులోంచి చూశానా అంటే, చూశాను. మూసిన తలుపుకు సందుండటం నా తప్పు కాదు.

శుక్రవారం పదినుంచి ఒంటిగంట దాకా నేను ఏరిన ఆకులో పురుగులు తినదగినది తక్కువ, తొడిమలు ఎక్కువ. అంబిక మళ్ళీ ఏరింది. ఒకటీ పదికి ఫోను మోగింది. అంబిక తీసి, స్పీకరు పెట్టి నా ఒళ్ళో పడేసింది.

"అవ్వా! వచ్చె! సీటు వచ్చె! అక్కడే చెప్పిరి!"

ఫోను రెండు చేతులా పట్టుకున్నాను. గిరీశ్ తోటలోంచి పరుగెత్తుకొస్తున్నాడు, వాడికి ఎట్లా తెలిసిందో.

"ఆ పెద్ద మేడమే అడిగె. పంపుకు రెండు వాకిళ్ళూ ఒకేసారి తెరిచి ఉంటే ఏమైతాదని. నేను మన చిన్నగది గీస్తి. ఊజీ ఈగ సంగతి చెప్తి. మా అవ్వ ఒకసారి రెండూ తెరిచి సగం పంట పోగొట్టె అని చెప్తి."

"అది గూడా చెప్తివా?"

"అదే అందరికీ నచ్చె! తర్వాత బిడ్డను చంకలోనించి తీసుకునేది చెప్తి. మేడమ్ రాసుకునె. ఎవరు చెప్పిరని అడిగె."

"ఏమంటివి?"

"ఇంట్లో సైన్సు చదవని మనిషి ఒకరుండారంటి." ఫోనులో నవ్వు. "ఇంకొక కొత్త సంగతి అడిగిరవ్వా. సోడియానికి వేరే దారి ఉండాది. అది దాని చేతులకు దగ్గరగా..."

అది చెబుతూనే ఉంది. నాకంతా అర్థమవుతోంది. చెప్పేదానికన్నా ఒక అడుగు ముందే అర్థమవుతోంది. అంబిక నా మొహం చూసి, "వద్దత్తా" అన్నట్టు వేలు చూపించింది.

నోరు కొంచెం తెరిచాను. ఫోనులో మొహం కనబడదని తెలిసినా కళ్ళు ఆర్పలేదు.

"నాకేమీ అర్థం కాలేదే. రేపు శనివారమే గదా, ఇంటికొచ్చి మళ్ళా చెప్పు."

"అవ్వా!"

ఫోను అంబికకు ఇచ్చేసి లోపలికి పోయాను. గిన్నెలో కలిసిపోయి ఉన్న శనగలు, పెసలు చేటలో పోసుకొని, వేరుచేయడానికి కూర్చున్నాను.